పరీక్షకిచ్చిన చేపలు

గేటు మనిషి కూర్చోమన్నాడు కాబట్టి కూర్చుంది సోములమ్మ, పాడేరులో ఆ సర్కారు ఆఫీసు వరండా చివర, ఉప్పు వేసిన చేపల కుండని ఒళ్ళో పెట్టుకుని, కుండ మెడకి కట్టిన తాడుని కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని. చుట్టుకోకపోతే జారిపోయినా తెలియదు. వేళ్ళ కొసలు చచ్చిపోయి ఏడాది దాటింది. తాడు గరుకుగా ఉందో నున్నగా ఉందో కళ్ళతో చూసి తెలుసుకోవాలి. మొన్న పొయ్యిలోకి కర్ర ఎగదోస్తుంటే ఏదో కాలుతున్న వాసన వచ్చింది, పక్కింటివాళ్ళు ఉడుముని కాలుస్తున్నారేమో, ఒక ముక్క అడుగుదామనుకుంది, తీరా చూస్తే కాలుతున్నది తన చూపుడువేలు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. గుమాస్తాబాబు భోజనానికి వెళ్ళాడట, వస్తాడట. ఎప్పుడు వచ్చినా ఆయన భోజనానికే వెళ్ళి ఉంటాడు. ఎంత తింటాడో ఆ మనిషి. తెల్లారకముందు బయల్దేరి ఎనిమిది మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళు తిన్నారో లేదో అడిగే దిక్కు లేదు గాని, ఆయన భోజనం మాత్రం గోడమీద గడియారంలా రోజూ జరిగిపోతుంది.

రోడ్డుకి అవతల పనసచెట్టు నీడలో కూతురు బుద్రి కూర్చుంది, పిల్లదాన్ని తొడమీద పడుకోబెట్టుకుని. ఏడాది నిండిన పిల్ల. మెడ నిలవదు. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోతుంది, తడిసిన గోనెసంచి మూతిలా. ఏడవదు కూడా సరిగ్గా, గొంతులో ఏదో పిసుకుతున్నట్టు ఒక చప్పుడు. దాని ఈడు పిల్లలు గుమ్మాలు దాటి కోళ్ళ వెంట పడుతున్నారు. ఇప్పుడు బుద్రికి మళ్ళీ నాలుగో నెల. ఈ కడుపులో ఉన్నది కూడా అలాగే వస్తే? తెలియాలి. చేప వల్లనో కాదో తెలియాలి. చేప వల్ల కాదంటే ఇంకేమిటో తెలియాలి. బుద్రి అత్తకి మాత్రం ఏ పరీక్షా లేకుండానే తెలిసిపోయింది, ఇది చెడ్డ కాలు పెట్టిన గుంట అని, రెండోది కూడా ఇలాగే పుడితే మీ ఇంటికి పంపేస్తానని నలుగురిలో అనేసింది. ఊరివాళ్ళు చేపలు మానరు. ఎందుకు మానతారు, గెడ్డలో చేప తిని ఎవరు చచ్చారు తాతల నాటి నుంచి అంటారు. కాగితం తెచ్చి చూపించు సోములమ్మా, అప్పుడు మానతాం అంటారు. అక్షరం ముక్క రాని ఊరికి కాగితం కావాలట. ఎవడు నేర్పాడో ఈ రోగం.

ఆఫీసు వెనక క్వార్టర్లు. కంచె సందులోంచి ఒక పెరడు కనిపిస్తోంది. తీగమీద చీర ఆరేస్తూ ఒకామె, మైదానపు మనిషి, నీలం చీర, నడుముమీద చెయ్యి వేసుకుని ఆగి ఆగి నడుస్తోంది. కడుపు ముందుకి వచ్చింది. ఏడో నెలో, దాటిందో. ఎవరి ఆడకూతురో. చీర అంచు సాగదీస్తుంటే పట్టు జారింది, మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. సోములమ్మ చూసింది గాని పట్టించుకోలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి పట్టు జారడం మామూలే.

ఎక్కడ మొదలైంది ఇది. ఎర్రనీళ్ళ దగ్గర మొదలైంది. ఊరికి పైన, గెడ్డ ఒడ్డున, విత్తనాల గోడౌను కట్టారు. వరి విత్తనాలు దించి, అక్కడే డబ్బాల్లోని ఎర్ర మందు పట్టించి బస్తాలకెత్తేవాళ్ళు, పురుగు పట్టదు, తెగులు రాదు అని. నాట్లకి ముందు రావలసిన విత్తనం నాట్లయ్యాక వచ్చేది, ఎవరు తీసుకుంటారు, బస్తాలకి బస్తాలు మిగిలిపోయేవి. ఎండాకాలంలో గోడౌను మనిషి వరహాలరావు పది మంది ఆడవాళ్ళని కూలికి పిలిచాడు. విత్తనం బుట్టల్లో పోసి గెడ్డలో కడగండి, ఎర్ర పోయేదాకా కడగండి, బండలమీద ఆరబెట్టండి అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. రంగు పోతే తినే వడ్లలా కనిపిస్తాయి, బస్తా మార్చి కిందికి పంపేస్తే ఎవడో తింటాడు, ఇదీ వాడి ఎత్తు, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు సోములమ్మకి తెలిసిందల్లా, నీళ్ళలో బుట్ట ముంచి ఊపితే కుంకుమ కలిపినట్టు ఎర్రగా సాగిపోతోందని, చూడ్డానికి బాగుందని. మోకాళ్ళదాకా నిలబడి కడిగింది, పాట పాడుతూ కడిగింది. మూడు ఎండాకాలాలు కడిగింది. మందు అయిపోయిన డబ్బాలు వరహాలరావు మడుగులో విసిరేస్తుంటే, మంచి డబ్బాలు పాడుచేస్తావేటి బాబూ అని నాలుగు ఏరుకుని ఇంటికి తెచ్చుకుంది. ఒకదానిలో ఉప్పు పోసుకుంది. డబ్బామీద మనిషి పుర్రె, రెండు ఎముకలు. ఏ దేవుడి బొమ్మో అనుకుంది. తన తెలివికి తనే చెప్పుతో కొట్టుకోవాలి, కానీ చెప్పుల్లేవు.

రెండో ఎండాకాలం, కడిగిన మర్నాడే, కింద మడుగులో చేపలు తేలాయి. పరిగెలు, బొమ్మిడాయిలు, చేతి పొడుగు కొర్రమీనులు, వెల్లకిలా తిరిగి నోళ్ళు తెరుచుకుని. మొదట చూసింది సోములమ్మే. కొండల్లో అలా చేప తేలితే ఎవరికీ భయం వెయ్యదు, పండగ. నీళ్ళు తగ్గినప్పుడు మంగకాయలు దంచి మడుగులో కలుపుతారు, చేపకి మత్తెక్కి తేలుతుంది, బుట్టలతో ఎత్తుకోవడమే. ఆ మత్తు చేపకే గాని మనిషికి ఏమీ చెయ్యదు, కడిగి వండుకుంటే సరి. పై ఊరివాళ్ళు మంగకాయ వేస్తే సరిహద్దు బండ దాటి కిందికి కొట్టుకొచ్చిన చేప కింది ఊరిది, అది ఎవరూ తీసెయ్యలేని హక్కు. అందుకే సోములమ్మ ఊరు ప్రతిధ్వనించేలా కేకేసింది, పై ఊరోళ్ళు మంగకాయ ఏసినారు, బుట్టలట్టుకు రండి బేగి అని. ఆ కేక తనది. ఆ కేక విని అందరికంటే ముందు పరుగెత్తింది బుద్రి, అప్పుడే పెళ్ళయిన పిల్ల, ఒంటిమీద పసుపు ఆరలేదు. తిన్నన్ని తిన్నారు, మిగిలినవి పొయ్యికి పైన వేలాడే వెదురు తడికమీద ఎండబెట్టి వానాకాలమంతా తిన్నారు. తర్వాత సంతలో పై ఊరి పెద్ద సుక్రు కనిపిస్తే, మీ పున్నెమా అని కడుపునిండా చేపలు తిన్నాం మావా అంది. సుక్రు చుట్ట తీసి వింతగా చూశాడు. "మేం మంగకాయ ఏయనేదే. ఈ ఏడు ఇంకా ఏయనేదు. మీరే ఏసుకున్నారేమో అనుకున్నాం." సోములమ్మ నవ్వింది. వంతు రాకుండా వేసుకుని దాస్తున్నాడు ముసలాడు అనుకుంది. రాయిలాంటి మాట చేతిలో పెడితే నవ్వి పారేసింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ. మొదట పిల్లులు. ఎవరి ఇంట్లో పిల్లి వాళ్ళింట్లో గిరగిరా తిరిగి పొయ్యిలో పడింది. పిల్లికి పిచ్చి అన్నారు. తర్వాత వేళ్ళు, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు. తర్వాత బుద్రి మామకి పక్కనున్నది కనిపించడం మానేసింది, ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, వెదురు గొట్టంలోంచి చూసినట్టు. కల్లు ఎక్కువైంది అన్నారు. తాగనివాళ్ళు కూడా తూలుతుంటే అది కూడా కల్లే అన్నారు. తర్వాత ఈ పిల్ల పుట్టింది.

మలేరియా రక్తాలు తీసే క్యాంపుకి వచ్చిన డాక్టరమ్మ ఒక్కతే చూసింది, మనిషిని మనిషిలా. పిల్ల తల పట్టుకుంది, సోములమ్మ వేళ్ళని సూదితో గుచ్చింది, నొప్పి వచ్చిందా అంటే లేదు తల్లీ అంది, దాహం అంటే సోములమ్మ నీళ్ళివ్వడానికి ఇంట్లోకి పిలిచింది, అక్కడ ఉప్పు డబ్బా చూసి డాక్టరమ్మ నీళ్ళు తాగడం మర్చిపోయింది. డబ్బా తిప్పి చదివింది. పాదరసం అంది. ఈ మందులో పాదరసం ఉంది, గెడ్డలో కలిసి చేపల్లోకి వెళ్ళి ఉంటుంది, చిన్నచేపని పెద్దచేప తింటుంది, చిన్నదాంట్లోది పెద్దదాంట్లో పేరుకుంటుంది, పెద్దది మీలో పేరుకుంటుంది అంది. కడిగితే పోదు, ఉడికితే పోదు, ఎండబెట్టినా పోదు. కడుపులో పిల్లకి మరీ చెడ్డది. నా అనుమానం ఇది, పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేం, అప్పటిదాకా ఎవరూ తినకండి, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు అంది. డబ్బాలు అక్కడికక్కడే పాతిపెట్టించింది. మడుగు చేపలు కుండలో ఉప్పేసి పాడేరు ఆఫీసులో ఇవ్వు, జీపులో విశాఖపట్నం పంపుతారు, ఈ ఉత్తరం కూడా ఇవ్వు అని ఇంగ్లీషులో రాసి ఇచ్చింది, ఒక వాక్యం కింద రెండు గీతలు గీసింది. నెల తిరక్కుండా ఆవిడని ఎక్కడికో బదిలీ చేసేశారు. పనికొచ్చే మనిషిని ఏజెన్సీలో ఉంచరు కదా.

దసరా వెళ్ళిన వారం. ఇదే వరండా. ఉత్తరం గుమాస్తా గణపతిరావు బాబు చేతికిచ్చింది, ఆయన తెరవకుండానే తపాలా ట్రేలో పడేశాడు. కుండ అటెండరు పైడయ్య అందుకున్నాడు. పరీచ్చకి బాబూ, పరీచ్చకి అని మూడుసార్లు చెప్పింది. సరేలే సరేలే అన్నాడు. అంతే. నాలుగు నెలలు. సంక్రాంతికి ముందొకసారి వస్తే ఫైలు కనపడలేదన్నారు. దారిలో కుళ్ళిపోయిందేమో, విశాఖపట్నంలో పారేశారేమో అని తనే వాళ్ళ తరఫున సాకులు వెతికింది. అందుకే ఇప్పుడు రెండో కుండ. ఆరు కొర్రమీనులు, ఉప్పులో ముంచి, అడ్డాకుల్లో చుట్టి.

చెప్పులు ఈడ్చుకుంటూ పైడయ్య వచ్చాడు, నర్సీపట్నం వైపు మనిషి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. కుండ చూశాడు. మొహం విప్పారింది.

"మళ్ళీ తెచ్చినావేటే సోములమ్మా. బలేదానివే. అయ్యి అలాటిలాటి సేపలా. పులుసెట్టింది గుమాస్తాబాబు పెళ్ళాం, నాకో గిన్నెడు అంపింది. నాలిక్కరుసుకున్నాను."

సోములమ్మ వింది. విన్నది చెవిలోనే ఆగిపోయింది, లోపలికి దిగలేదు.

"ఏ సేపలు బాబూ."

"నువ్వు తెచ్చినయ్యే. దసరా ఎల్లినాక తెచ్చినావు కాదేటి. అప్పుడి నుంచి బాబు పెళ్ళాం కనకమాలచ్చమ్మకి ఆ మడుగు సేపలే కావాల. కడుపుతో ఉన్నాది గదా, ఏరే సేప నోటికి పోదు. వారం వారం సంతలో నానే ఎతికి తెత్తన్నాను. బాబుకి తెలిసిందంటే కుండ నన్నే ఇంటికట్టుకెళ్ళమంటాడు. ఇటియ్యి."

చెయ్యి చాపాడు. ఇదే. నాలుగు నెలలు ఆమె దేనికోసం ఎదురుచూసిందో అది ఈ వరండాకి ఇరవై అడుగుల దూరంలో పొయ్యిమీద ఉడికిపోయింది. ఈ వరండామీదికి కోడి వస్తుంది, తేనె వస్తుంది, పనసపండు వస్తుంది, కొండ దిగి వచ్చినవాడి చేతిలో ఏమున్నా అది బాబులకే. ఎవరూ ఎందుకు తెచ్చావని అడగరు, తెచ్చావా అని అందుకుంటారు. పరీక్షకి అని మూడుసార్లు చెప్పినా ఆ చెవులకి చేప అనే మాటే వినిపించింది. కాగితం ఫైలుకి, చేపలు పొయ్యికి. మేమేమో పై ఊరివాళ్ళ మంగకాయ అనుకుని తిన్నాం, మీరేమో కింది ఊరిదాని కానుక అనుకుని తిన్నారు. తిననీ. తిననీ వీళ్ళని. వేళ్ళు చచ్చిపోనీ, కలం పట్టు జారిపోనీ, ఫైలు కనపడలేదన్న కళ్ళకి ఫైలు నిజంగానే కనపడకుండా పోనీ. ఈ కుండ కూడా ఇచ్చేస్తే? తీసుకో బాబూ అని నవ్వుతూ ఇచ్చేస్తే? నవ్వడం ఎంత సులువు. వీళ్ళ దగ్గర బతుకంతా అదే కదా చేసింది. చెయ్యి కదిలింది కూడా, తాడు ఒక చుట్టు విప్పింది, అప్పుడు కంచె సందులో నీలం చీర కనిపించింది. ఆమె రెండు చేతులతో తీగ పట్టుకుని నిలబడింది, ఒక చేతి వేళ్ళని ఇంకో చేత్తో పిసుకుతోంది, ఒక్కొక్క వేలూ విడివిడిగా, నిద్రపోయిన పిల్లని లేపుతున్నట్టు. సోములమ్మకి ఆ పిసకడం తెలుసు. పోయిన ఏడాది తను కూడా అలాగే పిసికింది, బుద్రి అలాగే పిసికింది. ఆ కడుపులో మెడ ఇంకా గట్టిపడుతోందో లేదో. ఆ మెడ ఏ ఫైలు దాచింది. ఏ పులుసు అడిగింది. సోములమ్మకి తనమీద తనకే అంత కోపం వచ్చింది, విప్పిన చుట్టుని మళ్ళీ బిగించి చుట్టుకుంది.

గణపతిరావు అప్పుడే మెట్లెక్కాడు, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. "ఏంటే, మళ్ళీ వచ్చావ్. ఫైలు కనపడితే కబురు చేస్తామని చెప్పలేదా. కుండ అక్కడ పెట్టి వెళ్ళు."

సోములమ్మ లేవలేదు. ఈ వరండాలో బాబు నిలబడి ఉండగా కూర్చునే మాట్లాడటం అదే మొదటిసారి.

"మీ ఇంటి ఆడకూతురికి సేతి ఏళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా బాబూ."

"ఏం కూస్తున్నావే."

"మూతిసుట్టూ సీమలు పాకినట్టుంటాదని అంటన్నాదా. అడగండి ఎల్లి. మీరు తిన్న సేపలు పరీచ్చకి తెచ్చినయ్యి. ఇసం ఉన్నాదో నేదో సూడమని. ఆ డాక్టరమ్మ కాయితంలో రాసింది, మీరే సదవండి. మేం అచ్చరం రానోళ్ళం, డబ్బామీద ఏటున్నదో సదవనేక తిన్నాం. మీరు సదువొచ్చినోళ్ళు, కాయితం ఉంచుకునే తిన్నారు."

ఆయన నోరు తెరిచాడు, తిట్టడానికే. కానీ ఆ తిమ్మిరి మాట ఎక్కడో తగిలింది, మొహంలో చూస్తే తెలిసిపోయింది, ఇంట్లో ఆమె ఆ మాట అని ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు మామూలే అని ఈయన అని ఉంటాడు. లోపలికి వెళ్ళాడు. నాలుగు నెలలు కనపడని ఫైలు బీరువామీద రెండో కట్టలో ఉంది. కవరు చింపాడు. కింద రెండు గీతలున్న వాక్యం దగ్గర ఆయన పెదాలు కదిలి ఆగిపోయాయి. పైడయ్య పుల్ల పారేసి తన వేళ్ళు తను నొక్కి చూసుకుంటున్నాడు. "అమ్మా, ఒక గిన్నె తింటే ఏటీ కాదు గదే" అన్నాడు. అమ్మా అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఒక గిన్నెకి ఏమీ కాదేమో, డాక్టర్లు చెప్పాలి, నాకేం తెలుసు అంది సోములమ్మ. నాలుగు నెలలపాటు వారం వారం తింటే ఏమవుతుందో చూడాలంటే పనసచెట్టు కిందికి వెళ్ళి చూడు అంది.

అయిదు నిమిషాలు. ఆఫీసరుగారి గదిలోకి పరుగు, టెలిఫోను గిరగిర, జీపు జీపు అని కేకలు. డీజిలు లేదన్న జీపుకి డీజిలు వచ్చింది, డ్రైవరు సెలవులో ఉన్నాడన్న జీపుకి డ్రైవరు వచ్చాడు. ఒక ఊరు ఊరంతా తూలుతూ నడిస్తే కదలని చక్రాలు ఒక పొయ్యిలోకి విషం వెళ్ళిందనగానే ఎలా కదిలాయో సోములమ్మ చూస్తూ నిలబడింది. సంతోషం లేదు. మంట. ఇంత బేగి వెళ్ళగలదన్నమాట ఈ బండి. ఇన్నాళ్ళూ వెళ్ళగలిగే ఉండిందన్నమాట.

కనకమహాలక్ష్మిని తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఏమైందని ఎవరూ ఆమెకి సరిగ్గా చెప్పలేదు, కళ్ళు బెదురుగా తిరుగుతున్నాయి. సోములమ్మ కుండ చంకనెత్తుకుని రోడ్డు దాటి బుద్రి రెక్క పట్టుకుని లాక్కొచ్చి జీపు వెనక తెర ఎత్తింది. చోటు లేదు, తర్వాత చూద్దాం, ఇంకో జీపు పంపిస్తాం అంటున్నాడు గణపతిరావు. సోములమ్మ కూతుర్ని పైకి తోసింది. బుద్రి ఎక్కే తొందరలో పిల్ల తల వెనక్కి వాలిపోయింది. కనకమహాలక్ష్మి చెయ్యి దానంతటదే ముందుకొచ్చి ఆ మెడ కింద పట్టుకుంది. పట్టుకుని, ఆ తల బరువు చేతిలోకి వచ్చాక, పిల్ల మొహంలోకి చూసింది.

"ఏం తింది ఈ పిల్ల" అంది.

"అది తిననేదమ్మా" అంది సోములమ్మ. "దీని తల్లి తిన్నాది. మీరు తిన్నయ్యే."

కనకమహాలక్ష్మి చెయ్యి తియ్యకుండా పక్కకి జరిగింది. బుద్రి కూర్చుంది. చోటు సరిపోయింది. సోములమ్మ మణికట్టు మీది తాడు లాగేసి కుండని ముందుసీట్లో ఉన్న గణపతిరావు ఒళ్ళో పెట్టింది. "ఈసారి ఒల్లో ఎట్టుకుని తీసుకెల్లండి బాబూ. వండకండి." ఆయన రెండు చేతులతో కుండని పొదివి పట్టుకున్నాడు, ఫైలు చంకలో ఇరికించుకుని. జీపు ఘాటు రోడ్డువైపు తిరిగి దుమ్ములో కలిసిపోయింది.

సోములమ్మ తన చేతిలోకి చూసుకుంది. తాడు లేదు. మణికట్టు చుట్టూ రెండు ఎర్రటి చారలు, తోలు లేచిపోయి, ఒకచోట నెత్తురు ఊరుతోంది. ఎప్పుడు లేచిందో, కుండ ఇచ్చేటప్పుడు లాగినప్పుడేనేమో. నొప్పి తెలియలేదు. ఎనిమిది మైళ్ళు నడవాలి, పొద్దు వాలేలోగా ఊరు చేరాలి. రేపు మడుగులో ఊరుమ్మడి వల. అందరూ వస్తారు బుట్టలు పట్టుకుని. బుద్రి అత్త ముందు నిలబడుతుంది, కాగితం వచ్చిందా సోములమ్మా అని అడుగుతుంది వెటకారంగా. సోములమ్మ నడక మొదలుపెట్టింది, అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, చెప్పాల్సిన మాట దారి పొడవునా నోట్లో తిప్పుకుంటూ. ఆ రోజు మడుగు దగ్గర ఎలా కేకేసిందో రేపు అదే గొంతుతో కేకెయ్యాలి.

కాయితం రానేదు. గుమాస్తా పెళ్ళాం తిన్నాదని జీపు ఎల్లింది. ఇంకేటి కావాల మీకు.